ఉప్పెన దృశ్యం – ఔచిత్యం: ఔత్సాహిక లఘుచిత్రాల్లో స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్

వ్యాససంగ్రహం:
కృష్ణా డెల్టా దిగువ ప్రాంతమైన మచిలీపట్నం, గుడివాడ, దివిసీమలలో యువత సొంతంగా తీసే లఘుచిత్రాలకు దృశ్యప్రభావాలు జోడించడానికి ఖర్చులేని సాఫ్ట్‌వేర్లు నేడు అందుబాటులో ఉన్నాయి. అయితే ధర లేని సాధనం, స్వేచ్ఛనిచ్చే సాధనం ఒకటి కావు. 1977 నాటి దివిసీమ ఉప్పెన చిత్రణను ఆధారంగా చేసుకొని ఈ భేదాన్ని ఔచిత్య దృష్టితో పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: లఘుచిత్రం, దృశ్యప్రభావం, స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్, బ్లెండర్, ఔచిత్యం, దివిసీమ ఉప్పెన.

1. ఉపోద్ఘాతం:
తెలుగు సినిమా పితామహునిగా పేరొందిన రఘుపతి వెంకయ్య 1869లో మచిలీపట్నంలో జన్మించారు. 'మాయాబజార్' (1957)కు మాటలు, పాటలు సమకూర్చిన పింగళి నాగేంద్రరావుకు బందరుతో గాఢమైన అనుబంధముంది. ఆ చిత్రంలో ఘటోత్కచుని భోజన దృశ్యం కంప్యూటరు ఊసే లేని కాలంలో కెమెరా నేర్పుతో సాధించినది. సినిమా కంటే ముందే కూచిపూడి భాగవతులు కాగడాలపై గుగ్గిలం పొడి చల్లి, మంటలు లేపి, ఉగ్రపాత్రల ప్రవేశాన్ని రక్తికట్టించారు. కనుక దృశ్యమాయ ఈ నేలకు కొత్త కాదు. గుగ్గిలం చౌకైనదే. కానీ సన్నివేశానికి తగినది కావడం వల్లనే అది ప్రదర్శనలో భాగమైంది.

2. ఉచితం – స్వేచ్ఛ:
ఆంగ్లంలో 'ఫ్రీ' అనే ఒకే మాట రెండర్థాలనిస్తుంది. 1983లో గ్నూ ప్రాజెక్టును ప్రకటించిన రిచర్డ్ స్టాల్‌మన్ ఈ మాట ధరను గురించినది కాదని పదేపదే వివరించవలసి వచ్చింది. తెలుగులో ఆ చిక్కు లేదు. 'ఉచితం' వేరు, 'స్వేచ్ఛ' వేరు. డావిన్సీ రిజాల్వ్‌కు ఉచిత రూపం ఉంది, కానీ దాని మూలసంకేతం సంస్థ చేతిలోనే ఉంటుంది. కొన్ని ఫోన్ యాప్‌లు ఉచితంగానే లభించినా చిత్రంపై తమ ముద్ర వేస్తాయి.

బ్లెండర్ కథ ఇందుకు భిన్నమైనది. దాన్ని నడిపిన సంస్థ మూతపడినప్పుడు, వాడుకరులు తదితరుల నుండి లక్ష యూరోలు విరాళంగా సేకరించి, 2002లో దానిని స్వేచ్ఛా లైసెన్సు కిందికి తెచ్చారు. నాటి నుండి దానిని ఎవరైనా వాడవచ్చు, పరిశీలించవచ్చు, మార్చవచ్చు, పంచవచ్చు. ఒక సంస్థ మూతపడినా విద్యార్థి నేర్చిన విద్య వృథా కాదు.

3. ఔచిత్య దృష్టి:
సంస్కృతంలో 'ఉచిత' శబ్దానికి 'తగినది' అని అర్థం. 'ఔచిత్యం' దాని నుండి ఏర్పడినదే. తెలుగు వాడుకలో అదే మాట 'వెల లేనిది' అనే అర్థాన్నీ పొందింది. కనుక వెల లేని ప్రభావం సన్నివేశానికి తగినదేనా అన్న ప్రశ్న ఆ పదంలోనే ఇమిడి ఉంది. మెడలో ధరించిన వడ్డాణం అందాన్నివ్వక నవ్వు పుట్టిస్తుందన్న క్షేమేంద్రుని భావం దృశ్యాలంకారాలకూ వర్తిస్తుంది.

4. ఉప్పెనను చూపడం:
1977 నవంబరు 19న దివిసీమను ముంచెత్తిన ఉప్పెన వేలాది ప్రాణాలను బలిగొన్నది. సోర్లగొంది వంటి గ్రామాలు దాదాపు తుడిచిపెట్టుకుపోయాయి. ఈ ప్రాంతపు విద్యార్థి కెమెరా పట్టినప్పుడు ఈ ఇతివృత్తం వైపు మొగ్గడం సహజం.

నేను చూసిన ఒక విద్యార్థి లఘుచిత్రంలో తాత జ్ఞాపకం చెబుతుండగా ఉప్పెన కనిపిస్తుంది. అయితే అది ఎక్కడి నుండో దించుకున్న సిద్ధ దృశ్యం. పగటి వెలుగులో నీలంగా మెరుస్తూ, సుడి తిరిగి విరిగే మహాసముద్రపు అల. తరగతిలో కొందరు నవ్వారు. దివిసీమ నుండి వచ్చిన విద్యార్థులు నవ్వలేదు. తాత మాటల్లోని నీరు వేరు, తెరపైని నీరు వేరు.

తుపాను ఉప్పెన ఒంటరి కెరటం కాదు. పెనుగాలి సముద్రాన్ని లోతు తక్కువైన తీరం మీదికి నెట్టగా, నీటిమట్టమే పెరిగి పల్లపు నేలను కమ్మేస్తుంది. ఒండ్రుతో మురికిగా మారిన ఆ నీరు ఇళ్ళ కప్పులనూ పశువులనూ మోసుకొస్తుంది. బతికినవారు 'తాటిచెట్టంత' అన్నప్పుడు అది అతిశయోక్తి అలంకారంగా కాక, భయం కొలిచిన కొలతగా గ్రహించాలి. నీలి అల ఈ భయాన్ని విహారదృశ్యంగా మార్చింది. ఆ అల ఉచితంగా వచ్చింది, కాని ఉచితమైనది కాదు.

ఇక్కడ స్వేచ్ఛ అవసరమవుతుంది. 2020లో బ్లెండర్‌లో చేరిన మాంటాఫ్లో వ్యవస్థతో నీటి ప్రవాహాన్ని విద్యార్థే అనుకరించవచ్చు. దాని రంగు, వెలుతురు, వేగం, ఎత్తు తన నిర్ణయం మేరకు మార్చవచ్చు. తాత జ్ఞాపకానికీ దృశ్యానికీ మధ్య ఇతరుల కల్పన అడ్డు రాదు. వరదలో మునిగిన లోకంలో ఒక పిల్లి ప్రయాణాన్ని చూపిన లాత్వియా చిత్రం 'ఫ్లో' బ్లెండర్‌తోనే రూపొంది, 2025లో ఉత్తమ యానిమేషన్ చిత్రంగా ఆస్కార్ పొందడం ఈ సాధనానికున్న శక్తికి నిదర్శనం.

5. పరిమితులు:
ద్రవ అనుకరణకు శక్తిమంతమైన కంప్యూటరు, ఓర్పు కావాలి. విద్యార్థుల్లో చాలామందికి చేతిఫోనే స్టూడియో. సాధనం స్వేచ్ఛనిచ్చినా యంత్రం ఉచితంగా రాదు. కళాశాల ప్రయోగశాలల తలుపులు సాయంత్రాలు తెరిచి ఉంచితే ఈ లోటు కొంత తీరుతుంది. అదీగాక, ప్రతి ఉప్పెననూ తెరపై చూపనక్కరలేదు. చీకటి, గాలి హోరు, గోడపై పెరిగే తడి మచ్చ కూడా వ్యంజనకు చాలు. ఏది చూపకూడదో నిర్ణయించుకోవడమూ ఔచిత్యమే.

ముగింపు:
• ఔత్సాహిక లఘుచిత్రాలను సాంకేతిక నాణ్యతతో మాత్రమే కాక, ప్రభావం సన్నివేశానికి ఎంత తగినదన్న ప్రమాణంతో పరిశీలించాలి.
• సిద్ధ దృశ్యాలు స్థానిక విషాదాన్ని పరాయి రూపంలో చూపే ప్రమాదముంది. స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ దానిని సరిదిద్దుకునే వీలునిస్తుంది, కానీ సరిదిద్దవలసింది దర్శకుడే.
• ఉప్పెనను చూసినవారి తరం తరిగిపోతున్నది. వారి మాటలకు తగిన దృశ్యాన్ని వారు చూసి సరేననగల కాలంలోనే రూపొందించడం మన విద్యార్థుల ముందున్న పని. అందుకు కావలసిన సాధనాన్నీ విమర్శనూ అందించడం తెలుగు శాఖల బాధ్యత.