పాత చిక్కు, కొత్త చట్టం

1814లో బొంబాయిలో ఇంగ్లీషులో ఒక చదరంగం పుస్తకం అచ్చయింది. మూలం సంస్కృతం. రాసినాయన తిరువేంగడాచార్య శాస్త్రి, తిరుమలేశుడి పేరు పెట్టుకున్న పండితుడు. యూరప్ ఆటతీరుకు తగ్గట్టు మార్చిన వ్యాసాలని పుస్తకం పేరులోనే చెప్పుకున్నాడు. లోపల ఉన్నవి ఎక్కువగా చిక్కులే: బల్ల మీద బలగాలు ఇలా నిలిచి ఉన్నాయి, ఇన్ని ఎత్తుల్లో ఆట కట్టించు అనే రకం.

నేను ఆదివారాలు చేసే పని కూడా ఇదే, కాకపోతే బాగా చిన్న ఎత్తున. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల పెద్దల నోట మిగిలిన దేశీ చదరంగం చిక్కులను, గ్రాండ్‌మాస్టర్ అర్జున్ ఇరిగైసిలా కావాలని టోర్నమెంట్లకు తిరిగే పిల్లల కోసం ఇప్పటి నిబంధనల్లోకి దించుతాను.

దేశీ ఆటకు ఊరికో చట్టం ఉండేది. మొత్తం మీద బంటుకు మొదటి ఎత్తులో రెండు గళ్ల దూకుడు లేదు. కోట కట్టడం లేదు. దానికి బదులు రాజు ఆట మొత్తంలో ఒక్కసారి గుర్రంలా దూకవచ్చు. చివరి వరసకు చేరిన బంటు ఆ గడికి చెందిన బలగమే అవుతుంది, కోరుకున్నది కాదు. పంజాబ్‌కు చెందిన మీర్ సుల్తాన్ ఖాన్ ఈ ఆటలోనే పెరిగి, 1926 ప్రాంతంలో యూరప్ నిబంధనలు నేర్చుకుని, 1929లో బ్రిటిష్ చాంపియన్ అయ్యాడు. మొదటి ఎత్తుల్లో తడబడేవాడు, ముగింపులో మాత్రం మాజీ ప్రపంచ చాంపియన్ కాపబ్లాంకానే ఓడించాడు. బంట్లు నింపాదిగా నడిచే ఆట నేర్పిన ఓపిక అదని నా లెక్క.

రాజు దూకుడు మీద నిలిచిన చిక్కును మార్చడమే అన్నిటికంటే కష్టం. దూకుడుకు బదులు కోట పెడదామని కొందరంటారు. పనికిరాదు. కోట కట్టాలంటే రాజూ ఏనుగూ పుట్టిన గళ్లలోనే ఉండాలి, చిక్కులో రాజు ఎక్కడో నడిబల్ల మీద ఉంటాడు. ఆ దూకుడు రాజుకు నిజంగా ఇచ్చింది ఏమిటని చూడాలి: ఒక్క ఎత్తు వ్యవధి. అందుకని ఎదుటివాడి బంటును ఒక గడి వెనక్కి పెడతాను. రాజు దూకకపోయినా అంతే ఊపిరి దొరుకుతుంది. కానీ ఆ వెనక గడి బంటు బయల్దేరే వరసలో పడిందా, కొత్త చట్టం దానికి రెండు గళ్ల దూకుడు ఇచ్చేస్తుంది, మనం తీసుకున్న ఎత్తు మళ్లీ వాడి చేతికే పోతుంది. ఇదంతా సిరిసిల్లలో సాంచాలు (మరమగ్గాలు) నడిపి విరమించుకున్న ఒక పెద్దాయనకు చెబితే, "గట్లయితే అది నా చిక్కెట్లయితది సారూ?" అన్నాడు.

ఆయన ప్రశ్న తేలిగ్గా కొట్టేసేది కాదు. పాత అరబ్బీ, పారశీక గ్రంథాల్లో దిలారాం చిక్కని ఒకటుంది. జూదంలో భార్యను ఒడ్డిన మనిషికి, రెండు ఏనుగుల్నీ ఇచ్చి నన్ను దక్కించుకో అని ఆమె సైగ చేసిందట. అందులో ఇప్పటి శకటు స్థానంలో ఉన్న బలగం కోణంగా రెండో గడికి ఎగురుతుంది, మధ్యలో ఎవరున్నా ఆగదు. అది తన గుర్రం మీదుగా దూకి వెనకున్న ఏనుగుకు దారి తెరవడమే ఆ చిక్కుకు ప్రాణం. నేటి శకటుకు ఆ గుర్రమే అడ్డు. గుర్రాన్ని జరుపుదామంటే ఆఖరున ఆట కట్టే గడికి అది ఇంకెక్కడి నుంచీ సరిగా అందదు. శకటును ముందే అవతల నిలబెడితే ఆట కడుతుంది. మెరుపు మాత్రం పోతుంది. అలాంటిదాన్ని దిలారాం పేరుతో పిల్లలకు చూపించను.

స్పెయిన్‌లో లూసెనా 1497లో అచ్చువేసిన పుస్తకంలో నూట యాభై చిక్కులున్నాయి. మంత్రికీ శకటుకూ కొత్త నడక వచ్చిన రోజులవి. ఏ చిక్కు పాత ఆటది, ఏది కొత్తదో ఆయన గుర్తు పెట్టాడు. నేనూ కాగితం మూలన అదే గుర్తు పెడతాను. చట్టం మారితే వచ్చే ఈ తిప్పలు చదరంగానికే కాదు. అమెరికాలో ఉన్న మా మేనల్లుడు ఎక్స్-వింగ్ అనే అంతరిక్ష యుద్ధాల బల్లాట ఆడతాడు. 2018లో రెండో కూర్పు వచ్చినప్పుడు పాత ఓడలకు కొత్త కార్డులిచ్చే కన్వర్షన్ కిట్లు అమ్మారు. ఓడలు మారాయి గానీ, పాత యుద్ధ ఘట్టాలను ఎవరికి వారే కూర్చుని సరిచేసుకోవాల్సి వచ్చిందని వాడి ఫిర్యాదు. కిట్లు మార్చేది బలగాలనే, ఇరకాటాన్ని కాదు.

బంటుతోనే ఆట కట్టాలనే దేశీ చిక్కులు మాత్రం హాయిగా దాటివస్తాయి, బంటు చంపే తీరు మారలేదు కాబట్టి.

ఇప్పుడు చేతిలో ఉన్నది కోరుట్లలో దొరికిన చిక్కు. బంటు గుర్రం గడికి చేరి గుర్రమై ఆట కడుతుంది. పాత చట్టంలో దానికి వేరే దారి లేదు, కొత్త చట్టంలో మంత్రి అవుతానంటుంది. మంత్రి అయితే నల్లరాజుకు చెక్ లేకుండా, నల్ల బలగాల్లో దేనికీ కదలడానికి గడి లేకుండా పోయి, స్టేల్‌మేట్‌తో ఆట డ్రా కావాలి. అప్పుడే పిల్లలు గుర్రాన్ని వెతుక్కుంటారు. నల్లబంటును ఒక గడి కిందికి దించితే చాలని నేనంటాను. రెండు బంట్లనూ ముట్టుకోకుండా నల్లరాజునే మూలకు తోయాలని సిరిసిల్ల పెద్దాయన అంటున్నాడు.