మీటరు పన్నెండు చూపిస్తుంది, దీపం వెలగదు

బ్రేకు తొక్కితే ఎడమ ఇండికేటరు మసకగా వెలుగుతుంది. ఇండికేటరు వేస్తే బ్రేకు లైటు కూడా దానితోపాటు కొట్టుకుంటుంది. బ్రిటన్‌లో చక్రాల మీద ఇల్లులాంటి పాత కారవాన్ కొని మొదటిసారి కారు వెనక తగిలించుకున్నాయనకి ఇలాంటి వింత ఎదురైతే ముందు బల్బులు మారుస్తాడు. తగ్గదు. కొత్త ల్యాంపు సెట్టు తెప్పిస్తాడు. డబ్బులు పోతాయి, వింత మాత్రం అలాగే ఉంటుంది. తప్పు చాలాసార్లు కారుకి తగిలించే నల్ల ప్లగ్గులో, మూడో పిన్నుకి వచ్చే తెల్ల వైరులో ఉంటుంది.

అక్కడ మూడేళ్లు దాటిన కారుకి ఏటా ఎంఓటీ అనే ఫిట్‌నెస్ పరీక్ష తప్పదు. కారు లాక్కెళ్లే కారవాన్‌కి ఆ పరీక్ష లేదు. రోడ్డెక్కితే దీపాలన్నీ వెలగాలని చట్టం మాత్రం ఉంది. కాబట్టి పాతికేళ్ల బండి కొన్న మనిషే దానికి ఇన్‌స్పెక్టరు, చాలావరకు మెకానిక్కు కూడా. 1885లో డాక్టర్ గోర్డన్ స్టేబుల్స్ 'ది వాండరర్' అనే గుర్రపు బండి కట్టించుకుని ఊళ్లు తిరిగినప్పుడు ఈ బాధ లేదు. దాంట్లో వైర్లే లేవు.

ఇప్పటి పాత బండిలో మూడు చోట్ల నుంచి కరెంటు వస్తుంది. కారు నుంచి ప్లగ్గుల గుండా వచ్చేది ఒకటి. కారవాన్‌కి సొంతంగా ఉండే 12 వోల్టుల 'లీజర్ బ్యాటరీ' ఇచ్చేది రెండోది. క్యాంపు సైటులో స్తంభానికి నీలిరంగు ప్లగ్గుతో తగిలించుకునే 230 వోల్టులది మూడోది. ఏదైనా పనిచేయనప్పుడు అడగాల్సిన మొదటి ప్రశ్న 'ఏం పాడైంది' అని కాదు, 'ఇది ఏ కరెంటు మీద నడవాలి' అని. ఇదొక్కటి తెలియక బాగున్న వస్తువులు విప్పేసేవాళ్లు ఎక్కువ.

ఫ్రిజ్జునే చూడండి. కారవాన్ ఫ్రిజ్జుల్లో సాధారణంగా కంప్రెసరు ఉండదు. 1922లో స్టాక్‌హోమ్‌లో చదువుకుంటున్న బాల్ట్‌జార్ ఫాన్ ప్లాటెన్, కార్ల్ ముంటర్స్ అనే ఇద్దరు కుర్రాళ్లు కనిపెట్టిన పద్ధతిలో, వేడితో చల్లదనం పుట్టించే రకం అది. ఆ వేడి గ్యాసుతో ఇవ్వొచ్చు, 230 వోల్టులతో ఇవ్వొచ్చు, 12 వోల్టులతోనూ ఇవ్వొచ్చు. అయితే 12 వోల్టుల మీద పెడితే బండి ఆగి ఉన్నప్పుడు పనిచేయదు, ఎందుకంటే ఆ కరెంటు కారు ఇంజను నడుస్తున్నప్పుడే వచ్చేలా కట్టి ఉంటుంది. లేకపోతే పది ఆంపియర్లు లాగే ఆ ఎలిమెంటు రాత్రికి రాత్రే బ్యాటరీని ఖాళీ చేసేస్తుంది. దీనికి ఎదురు తమాషా ఇంకొకటుంది. చాలా బండ్లలో కారు ఇంజను స్టార్టవగానే ఒక రిలే లోపలి దీపాల్ని, నీళ్ల మోటారుని ఆపేస్తుంది. కారుకి తగిలించి, ఇంజను ఆన్ చేసి, 'లోపల ఒక్క లైటూ వెలగడం లేదు' అని కంగారు పడేవాళ్లున్నారు. అది రిపేరు కాదు, కట్టిన తీరే అంత.

ఇక తెల్ల వైరు సంగతి. 2008 సెప్టెంబరు నుంచి బ్రిటిష్ కారవాన్లకి 13 పిన్నుల ప్లగ్గు ఒక్కటే వస్తోంది. అంతకుముందు రెండుండేవి: రోడ్డు దీపాలకి నల్లది, లోపలి సరఫరాకి బూడిదరంగుది, ఒక్కోదానికి ఏడేసి పిన్నులు. నల్లదాంట్లో పసుపు వైరు ఎడమ ఇండికేటరుకి, ఆకుపచ్చ కుడి ఇండికేటరుకి, ఎరుపు బ్రేకు లైట్లకి. ఇవన్నీ వెళ్లే దారులు. వెనక్కి వచ్చే దారి అన్నిటికీ ఒకటే, ఎర్త్ అనే ఆ తెల్ల వైరు. దాని చివర చిలుము పట్టిందంటే బ్రేకు లైటు గుండా పోయిన కరెంటుకి తిరిగొచ్చే తోవ మూసుకుపోతుంది. అప్పుడది పక్కనున్న ఇండికేటరు బల్బులోకి దూరి, దాని వైరు పట్టుకుని వెనక్కి నడిచి, కారు ఇండికేటరు బల్బు గుండా కారు బాడీకి చేరుతుంది. దారిలో ఇన్ని ఫిలమెంట్లు దాటాలి కాబట్టే ఆ వెలుగు అంత మసక. ఒక స్విచ్చు వేస్తే సంబంధం లేని దీపం వెలిగిందంటే ముందు ఎర్త్ చూడాలి, బల్బులు తర్వాత.

ఎర్త్ చూడటానికి మల్టీమీటరు కొనుక్కొస్తారు. అసలు మోసం ఇక్కడే మొదలవుతుంది. ఫ్రిజ్జు వెనక వైరు ఊడదీసి మీటరు పెడితే 12 వోల్టులు నిక్కచ్చిగా చూపిస్తుంది. 'కరెంటు వస్తోంది, ఫ్రిజ్జే పోయింది' అని తేల్చేస్తారు. డిజిటల్ మీటరు లాగే కరెంటు లెక్కలోకి రానంత తక్కువ. ఎంత తుప్పు పట్టిన అతుకైనా ఆ కాస్తని పంపగలదు. అసలు బరువు పడినప్పుడే అతుకు చేతులెత్తేస్తుంది.

లెక్క వేసి చూద్దాం. 120 వాట్ల ఎలిమెంటు 12 వోల్టుల మీద 10 ఆంపియర్లు తీసుకుంటుంది, అంటే దాని నిరోధం 1.2 ఓములు. ప్లగ్గులో తుప్పు వల్ల ఒక్క ఓము అదనంగా చేరిందనుకోండి. కరెంటు దాదాపు ఐదున్నర ఆంపియర్లకి పడిపోతుంది. ఎలిమెంటుకి 36 వాట్లు మిగులుతాయి. మరో 30 వాట్లు ఆ పిన్ను దగ్గరే వేడిగా మారతాయి. ఫ్రిజ్జు చల్లబడకపోవడానికీ, బూడిదరంగు ప్లగ్గు ప్లాస్టిక్కు గోధుమరంగుకి తిరిగి మెత్తబడటానికీ కారణం ఒక్కటే. వైరు ఊడదీసి పెట్టిన మీటరు ఈ రెండిట్లో దేన్నీ చెప్పదు. ఎంత ఖరీదైన మీటరైనా సరే, దానితోపాటు 21 వాట్ల పాత బ్రేకు బల్బుకి రెండు వైర్లు అతికించి పెట్టుకున్నవాడే తెలివైనవాడు. బల్బు పెట్టి, అది వెలుగుతుండగా మీటరు చూడాలి. పన్నెండు కాస్తా ఎనిమిదికి జారితే వస్తువు కాదు, దారి చెడిందని అర్థం. ఆ దారిని సగం సగం చేసుకుంటూ పోతే చెడ్డ అతుకు దొరికిపోతుంది.

బ్యాటరీకీ ఇదే పరీక్ష. కరెంటు కోతల కాలంలో ఇన్వర్టరుతో కాపురం చేసిన తెలుగు ఇళ్లవాళ్లకి ఇది విడమరచి చెప్పనక్కర్లేదు. ఊరికే ఉన్నప్పుడు చూపే వోల్టులు వేరు, ఫ్యాను వేశాక నిలిచేవి వేరు. కొన్ని గంటలు కదపకుండా ఉంచిన లెడ్ బ్యాటరీ 12.7 చూపిస్తే నిండుగా ఉన్నట్టు, 12.2 అయితే సగం. చార్జరు తగిలించి ఉండగా కనిపించే 13.8 చార్జరుది, బ్యాటరీది కాదు.

పాత బండికి పాత యజమానులూ ఉంటారు, వాళ్ల చేతిపనీ ఉంటుంది. రేడియోకని ఒకరు, సోలార్ పలకకని ఇంకొకరు, వైరుని కోయకుండా నొక్కి పట్టే నీలిరంగు క్లిప్పులతో కలిపేసి ఉంటారు. ఆ క్లిప్పు వైరు తొడుగుని చీల్చి లోపలి రాగిని పట్టుకుంటుంది. చీలికలోంచి తేమ దూరుతుంది. కారవాన్‌లో తేమకి కొదవలేదు. ఫ్యూజుల రంగులూ చూసుకోవాలి. 10 అంటే ఎరుపు, 15 నీలం, 20 పసుపు. ఎరుపుండాల్సిన చోట పసుపు కనబడితే, ఎవరో అసలు జబ్బు వెతకకుండా ఫ్యూజు పెంచి వదిలేశారన్నమాట. అక్కడ వైరే ఫ్యూజవుతుంది.

230 వోల్టుల వైపు మాత్రం ఈ సొంత వైద్యం పనికిరాదు. బయటినుంచి చేయగలిగినవి కొన్నున్నాయి: 25 మీటర్ల కేబులుని చుట్టగా వదలకుండా పూర్తిగా విప్పి పరచడం, ముందు కారవాన్‌కి, తర్వాతే స్తంభానికి తగిలించడం, లీకు ఉంటే కరెంటు తెంచే ఆర్‌సీడీ మీదున్న టెస్ట్ బటన్ నొక్కి చూడటం. ఆర్‌సీడీ నిలవకుండా పడిపోతుంటే ఒక్కో వస్తువు ప్లగ్గు పీకి చూడాలి. దాని సర్క్యూట్ స్విచ్చు దించితే చాలదు, కొన్ని బోర్డుల్లో అది లైవ్ వైరునే తెంచుతుంది, న్యూట్రల్ తగిలే ఉంటుంది. చలికాలమంతా తేమ పీల్చిన వాటర్ హీటర్ ఎలిమెంటు ఆ న్యూట్రల్ నుంచి కూడా లీకు చూపించగలదు. బోర్డు మూత తీయాల్సి వస్తే ఎలక్ట్రీషియన్నే పిలవాలి.

ఓడెక్కి ఫ్రాన్సుకి దాటినవాళ్లకి మరో చిక్కుంది. అక్కడి కొన్ని సైట్లలో లైవ్, న్యూట్రల్ తారుమారై ఉంటాయి. బ్రిటిష్ బండిలో ఒక్క వైరునే తెంచే స్విచ్చులుంటే, ఆపేశామనుకున్న వస్తువులోనూ లైవ్ నిలిచే ఉంటుంది. సాకెట్లో పెట్టే చిన్న టెస్టరు ఈ సంగతి చెబుతుంది. సరిచేయడానికి కొందరు వైర్లు అటూఇటూ మార్చి కట్టిన పొట్టి కేబులు ఒకటి వెంట ఉంచుకుంటారు. దాని మీద ఎర్ర టేపు చుట్టి పెట్టుకోవాలి, లేకపోతే తిరిగొచ్చాక యార్క్‌షైర్‌లో అన్నీ సరిగ్గా ఉన్న స్తంభానికి దాన్నే తగిలించేస్తారు.