రిజిస్టరులో 38వ నంబరు

ఈ ఏడాది మా పదో తరగతి వాళ్ళం కలుసుకున్నాం. 1981లో పరీక్ష రాసిన ఆడపిల్లలం. అడిక్‌మెట్ సందుల్లో ఉండేది మా బడి. ఇప్పుడక్కడ అపార్ట్‌మెంటు ఉంది. అందుకని చిక్కడపల్లిలో ఒక స్నేహితురాలి డాబా మీద చేరాం. ఆ రాత్రి ఇంటికొచ్చాక పి. సత్యవతి ‘ఇల్లలకగానే’ కథ తీసి మళ్ళీ చదివాను. తొంభైల్లో మొదటిసారి చదివి ఏడ్చిన కథ, తర్వాత ఇరవై ఏళ్ళు క్లాసులో చెప్పిన కథ. దానితో నాకిప్పుడొక పేచీ వచ్చింది.

కథ మీకందరికీ తెలిసిందే. ఒక గృహిణి ఇల్లలుకుతూ అలుకుతూ తన పేరు మర్చిపోతుంది. భర్తకి ఆ పేరు అక్కర్లేదు, పిల్లలకి ఆమె అమ్మ, ఇరుగుపొరుగుకి ఫలానా వారి భార్య. పుట్టింటికి వెళ్ళినా దొరకదు. చివరికి దారిలో ఎదురైన చిన్ననాటి స్నేహితురాలు ‘శారదా’ అని పిలుస్తుంది. నువ్వు బాగా చదివేదానివి, పాడేదానివి, బొమ్మలు వేసేదానివి అని గుర్తుచేస్తుంది. శారద తన పేరుతో ఇంటికి తిరిగి వస్తుంది. పేరు పోయిందని చెప్పడమే కాదు, అది ఎక్కడ భద్రంగా ఉందో కూడా చెప్పడం ఈ కథ గొప్పతనం. అది పుట్టింట్లో లేదు, అత్తింట్లో లేదు, బడిలో పక్కన కూర్చున్న పిల్ల దగ్గర ఉంది.

ఈ మాట ఎంత నిజమో మా వాళ్ళను వెతకడం మొదలుపెట్టాక తెలిసింది. మా వీధి మగపిల్లల బడి వాళ్ళు మూడు నెలల్లో అందరినీ పోగేసుకున్నారు. మాకు రెండేళ్ళు పట్టింది. వాళ్ళ ఇంటిపేర్లు అలాగే ఉన్నాయి, చాలామంది ఇళ్ళూ అక్కడే ఉన్నాయి. మా ఇంటిపేర్లు మారాయి, కొందరికి పెళ్ళిలో అసలు పేరే మార్చారు. చివరికి మేం చేసిన పని చెప్పుకోవడానికి సిగ్గుగానే ఉంది. ఒక్కొక్కరి అన్నదమ్ములను గుర్తు తెచ్చుకుని, వాళ్ళ ద్వారా వెతికాం. వి.ఎస్‌.టి. ఫ్యాక్టరీలో పనిచేసిన ఒక నాన్న పేరు పట్టుకుని ఇద్దరు అక్కచెల్లెళ్ళను పట్టుకున్నాం. అన్నదమ్ములు లేని ఐదుగురు ఇంకా దొరకలేదు. నలభై ఇద్దరిలో దొరికింది ఇరవై ఆరుగురు. ఒకామె పెళ్ళైన రెండేళ్ళకి ‘స్టవ్ పేలి’ పోయిందని ఆమె తమ్ముడు ఫోనులో చెప్పాడు. డాబా మీద ఆమె గురించి ఎవరూ ఎత్తలేదు, నేను కూడా.

ఆడపిల్ల పేరు ఇంటి బయట మొదట ఎక్కేది బడి రిజిస్టరులో. మాకు కూతవేటు దూరంలో, నారాయణగూడలో, మాడపాటి హనుమంతరావు గారి బాలికల పాఠశాల 1928లో మొదలైంది. ఉస్మానియా ఉర్దూలో నడుస్తున్న రోజులవి. తెలుగులో చదివే ఆడపిల్లలకు గుర్తింపు కోసం పూనాలోని కర్వే మహిళా విశ్వవిద్యాలయం దాకా వెళ్ళాల్సి వచ్చింది. ఒక ఆడపిల్ల పేరు రిజిస్టరులో రాయించడానికి అంత శ్రమ పడ్డారు. మా బడిలో మాత్రం హాజరు నంబర్లతో పిలిచేవారు, పేర్లతో కాదు. ఈ సంగతి తర్వాత అవసరమవుతుంది.

బడి జ్ఞాపకాలు మన సినిమాలకీ ఇష్టమైన సరుకే. ‘నా ఆటోగ్రాఫ్’ (2004)లో నాయకుడు తన పెళ్ళి శుభలేఖలు పంచుకుంటూ పాత ప్రేమల్ని పలకరిస్తాడు. ‘జాను’ (2020)లో పేరు ఆమెది, జ్ఞాపకం అతనిది. ఆడవాళ్ళు అతని గతంలో మజిలీలు. ఆడపిల్లకి బడిని గుర్తు తెచ్చుకునే హక్కు ఇచ్చినందుకైనా సత్యవతి గారికి మనం ఋణపడి ఉంటాం. పేచీ పెట్టుకునేది కూడా అలాంటి వాళ్ళతోనే కదా.

డాబా మెట్ల దగ్గర ఒకామె స్టిక్కర్ల మీద పేర్లు రాసి అందరి చీరలకీ అంటిస్తోంది. నవ్వులు, కౌగిలింతలు. అంతలో ఒకావిడ పైకొచ్చింది. అందరం ఒక్కసారే గుర్తుపట్టాం. అదే ముఖం, అదే నవ్వు. స్టిక్కరు మీద పెన్ను ఆగిపోయింది. ఎవరికీ పేరు తట్టలేదు. ఎవరో చాలా సంబరంగా, “అయ్యో, మన ఆయమ్మ కూతురే!” అన్నారు. ఆ సంబరం అబద్ధం కాదు. అదే మరీ ఇబ్బంది. ఆవిడ పెన్ను తీసుకుని తన పేరు తనే రాసుకుంది. తర్వాత మమ్మల్ని ఒక్కొక్కరినే పేరుపెట్టి పిలిచింది, ఇంటిపేర్లతో సహా, అవీ పెళ్ళికి ముందువి. “38 నంబరు నాది,” అంది. “మీ పేర్లన్నీ నాకు యాదికున్నయి.”

నలభై ఏళ్ళ తర్వాత కూడా ఆవిడ మమ్మల్ని ‘మీరు’ అనే అంది. మేం ‘నువ్వు’ అన్నాం. ఒకే బెంచీ, ఒకే లెక్కల పుస్తకం, ఒకే పదో తరగతి. ఎనిమిదింటికే వాళ్ళమ్మతో వచ్చి మా క్లాసు ఊడ్చి, మొదటి గంటకి చేతులు కడుక్కుని మాతో కూర్చునేదట. మేం వచ్చేసరికి గది శుభ్రంగా ఉండేది. ఎవరు ఊడ్చారని మేం అడగలేదు.

నా పేచీ ఇక్కడే. శారదకి ఆమె పేరుతో పాటు స్నేహితురాలు తిరిగి ఇచ్చినదేమిటి? మార్కులు, పాట, బొమ్మలు. బడి గుర్తుపెట్టుకున్న అమ్మాయిలను గుర్తుపెట్టుకోవడం తేలిక. రాంకు రాని, పాట నేర్పించుకోలేని, చీపురు పట్టుకుని వచ్చిన అమ్మాయి పేరు ఎవరి దగ్గర ఉంటుంది? పేరు వెతుక్కునే క్రమంలో శారద ఇంట్లో పనిచేసే మనిషిని కూడా అడుగుతుంది. ఆ పనిమనిషికీ ఒక పేరుంటుందన్న వైపు కథ చూపు పోదు. మొదటి చదువులో నా చూపూ పోలేదు. చిన్న కథ అన్నీ మోయలేదని వాదించవచ్చు, నేనే క్లాసులో అలా వాదించాను. ఒక విద్యార్థిని ఇదే ప్రశ్న వేసినప్పుడు ‘కథ పరిధి’ అని చెప్పి కూర్చోబెట్టాను. ‘నీలిమేఘాలు’ (1993) చదివి ఉప్పొంగిన మా తరం, గోగు శ్యామల సంపాదకత్వంలో ‘నల్లపొద్దు’ (2003) వచ్చినప్పుడు దాన్ని సిలబస్‌లో పెట్టించడానికి కొట్లాడింది. నేనూ కొట్లాడాను. అన్ని మీటింగుల్లోనూ మాట్లాడాను. 38వ నంబరు పేరు మాత్రం ఒక్కసారీ గుర్తు చేసుకోలేదు.

అయినా కథ కూలిపోయిందని నేననను. పేరు మర్చిపోయిన వాళ్ళ గురించి రాసిన కథ అది. పేరు తెలుసుకోని వాళ్ళ గురించి మరో కథ కావాలి. ఆ కథలో దారిలో ఎదురయ్యే స్నేహితురాలి పాత్ర నాదైతే, నోరు తెరిచి ఏమని పిలుస్తాను?

ఈ వ్యాసం గురించి ఆవిడకి ఫోను చేసి అడిగాను. “రాసుకోండి. పేరు మాత్రం పెట్టకండి, మా కోడలు మస్తు చదువుతది,” అని నవ్వింది. అందుకే పేరు లేదు, నాకు తెలుసు. ఈసారి పార్శీగుట్టలో తన ఇంట్లో కలుద్దామని గ్రూపులో పెట్టింది. ఇరవై ఆరుగురిలో ఇప్పటికి ఏడుగురు వస్తామన్నారు.