స్వము లేని స్వామి

ఆంగ్లమున టోల్కీన్ రచించిన 'ది లార్డ్ ఆఫ్ ది రింగ్స్' అను మహాకథయొక్క ప్రథమసంపుటము 1954లో వెలువడినది. అందు టామ్ బాంబడిల్ అను వృద్ధుఁ డొకఁడు అడవిచెంత, ఏటియొడ్డున, గోల్డుబెరి యను భార్యతోఁ గాపురము సేయుచుండును. ఈ పాత్రవలనఁ గథకుఁ బ్రయోజనము లేదని కొందఱి యాక్షేపము. 2001లో వచ్చిన చలనచిత్రమువారు ఇతనిని తొలఁగించియే కథ నడపిరి. ఆ తీర్పు నాకు సమ్మతము గాదు.

లోకమును లోఁగొనఁగల యుంగరమును ఫ్రోడో యితని చేతి కిచ్చును. తొడిగినవానిని అది యదృశ్యునిఁ జేయును. మహామాంత్రికుఁడగు గాండాల్ఫ్ సైతము వెఱచి దానిని పుచ్చుకొనలేదు. టామ్ దానిని చిటికెనవ్రేలి కొనకుఁ దొడిగియు నదృశ్యుఁడు గాఁడు. పైకెగురవైచి, మాయము చేసి, నవ్వుచు మరల నిచ్చివేయును. ఇంతటివాఁడు ఫ్రోడోకుఁ దొలుత నెదురైననాఁడు చేయుచున్న ఘనకార్యము భార్యకొఱకుఁ గలువపూవులు కోసి తెచ్చుట!

ఈ యడవి యెల్ల టామ్‌దేనా యని ఫ్రోడో యడుగఁగా గోల్డుబెరి కాదనును. అట్లైనచో నది బరువగునని, చెట్టుచేమలు తమకుఁ దామే చెందినవని, ఐనను టామ్ ప్రభువేయని చెప్పును. షష్ఠీవిభక్తికి వైయాకరణులు చెప్పు నర్థములలో స్వస్వామిభావ మొకటి. స్వామి యనఁగానే స్వము, అనఁగా సొత్తు, ఉండితీరవలెను. ఇచ్చట స్వామి కలఁడు, స్వము లేదు. ముప్పదియేండ్లు సూత్రపాఠము చెప్పిన నాకు ఈ ప్రయోగము మొదట నపశబ్దమువలెఁ దోఁచినది. ఉంగరము పట్టునది 'నాది' యనువానినే. ఆ షష్ఠి లేనివాని నెట్లు పట్టును? కావున నితని గృహవాసము శక్తిని దాఁచుకొనుట గాదు. విరాటుని వంటశాలలో భీముఁడు గరిటె పట్టినది అజ్ఞాతవాసనియమముచేత. కీచకునినాఁడు నివుఱు తొలఁగి నిప్పు బయటఁబడినది. టామ్‌నందు నివుఱే లేదు.

ఐనను ఒక చిక్కు కలదు. ఉంగరము నితనియొద్ద దాఁచుదమన్న మాట సభలో రాఁగా, ఇతఁడు దానిని మఱచిపోవును, లేదా పాఱవేయును అని గాండాల్ఫ్ చెప్పును. తక్కిన లోకమెల్ల శత్రువశమైనచోఁ దుదకు టామ్‌కును ఓటమి తప్పదని మఱియొకఁ డనును. అనఁగా నీ యింట కలువలు వాడకుండుటకు అన్యులు దూరదేశమున రక్తము చిందింపవలెను. టామ్ మాత్రము పొలిమేరవఱకు సాగనంపి, ఇల్లు చూచుకొనవలెనని మరలిపోవును. ఇది చదివినపుడెల్ల నాకుఁ గోపమే వచ్చును. దానిని మాన్పుటకుఁ గవి యేమియుఁ జేయలేదు, చేయకుండుటయే మేలైనది.

కథ తుదిని, అగ్నిపర్వతముకడ, అన్ని కష్టములు పడిన ఫ్రోడో సైతము ఉంగరము తనదే యనును. ఆ షష్ఠి యెంత బరువో పాఠకునికిఁ దెలియుటకు, కలువలు కోయు నీ వృద్ధుఁడు ముందే కనఁబడియుండవలెను.