కూలిన నగరంలో సిపాయి

పుట్టపర్తి నారాయణాచార్యులవారు చిన్నవయసులోనే వ్రాసిన 'పెనుగొండ లక్ష్మి'ని రాయలసీమవారికి పరిచయం చేయనక్కరలేదు. ఆ కావ్యమే పాఠ్యగ్రంథంగా ఉన్న విద్వాన్ పరీక్షకు తరువాత ఆయనే కూర్చున్నారు. కొడాలి వెంకట సుబ్బారావుగారి 'హంపీ క్షేత్రము' కూడా ఈ కోవలోదే. వీటిలోని ఆవేదన నిజమైనది. అయితే అది ఎవరిని గురించిన ఆవేదన? రాజ్యలక్ష్మిని గురించి, పోయిన వైభవాన్ని గురించి. పట్టుబడిన నగరంలో అడుగుపెట్టిన మామూలు సిపాయి ఈ సంప్రదాయానికి వస్తువు కాలేదు. ఇది చిన్న లోపం కాదని నా అభిప్రాయం.

1565 జనవరిలో తళ్ళికోట యుద్ధం ముగిసింది. బిజాపురం ఆస్థానంలో చరిత్ర వ్రాసిన ఫెరిష్తా ఒక్క ముక్కలో అసలు సంగతి చెప్పాడు: ఏనుగులను మాత్రం సుల్తానులు తీసుకుని, బంగారం, నగలు, గుర్రాలు, బానిసలు ఎవరికి చిక్కినవి వారికే వదిలివేశారట. అంటే దోపిడీయే సిపాయికి జీతం. ఆ జీతంలో సాటి మనుషులు కూడా ఒక పద్దు!

దీన్ని రెండు మతాల పోరుగా చెప్పేవారు నేటికీ ఉన్నారు. గెలిచినవారిలో ఒకడైన గోల్కొండ ఇబ్రహీం కుతుబ్‌షా అంతకుముందు ఏడేళ్ళు విజయనగరంలోనే తలదాచుకున్నాడు. తెలుగు కవులు 'మల్కిభరాము'డని పొగిడింది ఆయననే. గోల్కొండ కొలువులో తెలుగు నాయకులూ, బంట్లూ ఉండేవారు. రామరాయల సేనలో ముస్లిం దళాలుండేవి. ఆ సేన అహమ్మదునగరం సీమను ఎలా పాడుచేసిందో కూడా ఫెరిష్తాయే వ్రాశాడు. ఇక హంపీని దోచిన చేతుల్లో తెలుగు చేతులు లేవని ఎవరనగలరు?

ఓడినవారి వైపు చూద్దాం. 1567లో వచ్చిన వెనిస్ వర్తకుడు ఫెదరీచి హంపీలో ఇళ్ళు నిలిచి ఉన్నా మనుషులు లేరని వ్రాశాడు. తిరుమలరాయలు కొలువును పెనుకొండకు మార్చాడు. గోవా వర్తకులు తెచ్చిన గుర్రాలను తీసుకుని, పైకమివ్వకుండా వారిని పంపివేశాడనీ ఆ వర్తకుడే చెప్పాడు. గుర్రానికే వెల చెల్లించని ప్రభువు, దానిమీద కూర్చునేవాడికి ఏమిచ్చి ఉంటాడు?

దోచుకున్న సిపాయి, జీతం అందని సిపాయి ఇద్దరూ నాగలి విడిచి వచ్చినవారే కావచ్చు. వారిలో ఒకణ్ణి అమాయకుడని వెనకేసుకు రానక్కరలేదు. అతడు చేసిన ఘోరం ఘోరమే. అతణ్ణి ఆ పనికి పురిగొల్పిన వ్యవస్థను చూపించడమే రచయిత బాధ్యత. ధర్మవరం, పెనుకొండ, హిందూపురం కళాశాలల్లో ఈ కావ్యాలు చదివే విద్యార్థులు, చెప్పే ఉపాధ్యాయులు ముందుగా వేయవలసిన ప్రశ్న ఒకటే: ఈ శిథిలాల్లో కూలిన ఇల్లు ఎవరిది, కూల్చిన కూలి ఎవడిది, ఏనుగులు ఎవరి వాటాకు పోయాయి?