సద్ది కట్టే పని

మా బోయినపల్లిలో ఎవరు ఏ దేశం పోయినా దుబాయ్ పోయిండనే అంటారు. నేను పోయింది బహ్రెయిన్. చుట్టూ సముద్రం, ఈ కొస నుంచి ఆ కొసకు యాభై కిలోమీటర్లు కూడా నిండని దీవి. అక్కడ ఒక లేబర్ క్యాంపు మెస్సులో ఏడు ఎండాకాలాలు వంట చేశాను. ఊళ్లో పెళ్లిళ్లకు, దావతులకు బగారన్నం దేగ్చాల కాడ నిలబడి నేర్చుకున్న పనే నాకు అక్కడ కొలువైంది.

దావతులో వంటవాడి పని సుళువని అక్కడికి పోయాకే అర్థమైంది. వేడివేడిగా దింపుతాం, విస్తట్లో వడ్డిస్తాం, తిన్నవాడి మొహం అక్కడే కనబడుతుంది. క్యాంపులో వంట అట్లా కాదు. రాత్రి ఒంటిగంటకు లేచి వండింది తెల్లారుజామున నాలుగింటికి బస్సెక్కుతుంది. తినేవాడు దాన్ని విప్పేది ఏ పదకొండింటికో, పన్నెండింటికో. ఆ ఏడెనిమిది గంటలు స్టీలు టిఫిను ఎండలో కాలే సైటు మూలన, ఇనుప చువ్వల పక్కన ఉంటుంది. అప్పటిదాకా అన్నం పాసిపోకుండా ఉంటేనే నేను వండినట్టు.

మొదటి జులైలోనే దెబ్బ తిన్నాను. కందిపప్పు చిక్కగా వండి, పొగలు గక్కే అన్నం పక్కన పెట్టి, మూతలు బిగించి పంపాను. వేడిగా ఉంటే బాగుంటుందనే అనుకున్నాను. పొద్దుగూకి బస్సు దిగినవాళ్లలో కోరుట్ల దిక్కు పెద్దాయన ఒకాయన నా దగ్గరికొచ్చి మెల్లగా అన్నాడు: "తమ్మీ, అన్నం, పప్పు రెండూ పాశిపోయినయి. ఏం గాదులే, ఖుబూస్ తెచ్చుకొని తిన్నం." ఆయన కోపం చేసినా అంత బాధపడేవాణ్ని కాదు. ఇనుము మోసే అరవై మంది నా చేతి వంట పారబోసి, వట్టి రొట్టె నీళ్లతో మింగారు. ఆ రాత్రి నాకు ముద్ద దిగలేదు.

అన్నం ఎందుకు పాసిపోతుందో తర్వాత తెలుసుకున్నాను. బియ్యంలో బాసిల్లస్ సీరియస్ అనే సూక్ష్మజీవి బీజాలుంటాయి. అన్నం ఉడికినా అవి చావవు. 60 డిగ్రీల పైన వేడిలో పెరగవు, 5 డిగ్రీల లోపు చలిలో పెరగవు. ఆ నడిమి గోరువెచ్చదనం దొరికితే మాత్రం మేల్కొంటాయి. మూత బిగించిన టిఫిను వాటికి కావలసిన గోరువెచ్చదనాన్ని గంటల తరబడి నిలిపి పెడుతుంది. నేను ప్రేమతో పెట్టిన వేడే అన్నాన్ని చెడగొట్టింది.

ఆ రోజు నుంచి పద్ధతి మార్చాను. పదిహేను కిలోల బియ్యం ఒకే దేగ్చాలో కాక రెండింటిలో వండేవాణ్ని. మెత్తగా అతుక్కునే బియ్యం మానేసి, పొడిపొడిగా విడిపోయే ఉప్పుడు బియ్యం తెప్పించాను. గంజి వార్చి, అన్నాన్ని వెడల్పాటి పళ్లేల్లో రెండు వేళ్ల మందాన పరిచి ఫ్యాను కింద పెట్టేవాణ్ని. అరచెయ్యి అన్నం మీద బోర్లించి చూడాలి. చేతికి వెచ్చగా తగిలితే ఇంకా ఆరలేదన్నట్టు. అంచుల్లో ఎప్పుడూ తొందరగానే చల్లబడుతుంది, మోసం చేసేది నడుమ. నడుమ కూడా చేతికి చల్లగా తగిలాకే టిఫినులోకి ఎత్తేవాణ్ని. కొబ్బరి, ఆలుగడ్డ, చిక్కటి పప్పు రాత్రి భోజనానికే వండేవాణ్ని. పగటి సద్దికి పులుసు కూర, మాగాయ, వారంలో మూడు రోజులు పులిహోర.

ఇదంతా నేను కొత్తగా కనిపెట్టింది కాదు. మా ఆడవాళ్లకు ఇది ఎప్పటి నుంచో తెలుసు. సద్దుల బతుకమ్మ నాడు చెరువు గట్టుకు మోసుకుపోయే సద్దులు చూడండి. చింతపండు పులిహోర, నువ్వుల సద్ది, నిమ్మకాయ సద్ది. పొద్దున కలిపితే చీకటి పడ్డాక పంచుకునేదాకా నిలుస్తాయి. పులుపు, నూనె, ఆరిన మెతుకు, ఈ మూడూ అందులో ఉన్నాయి. పొలం కాడ మా నాయన సద్దిమూటను గట్టు మీద పెట్టేవాడు కాదు, చెట్టు కొమ్మకు కట్టేవాడు. చీమల కోసమని చిన్నప్పుడు అనుకున్నాను. నీడ, గాలి కోసం కూడానని బహ్రెయిన్‌లో తెలిసింది.

చింతపండు మాత్రం ఇంటి నుంచే తీసుకుపోయేవాణ్ని. మా అమ్మ పుట్టిల్లు కొదురుపాక. ఆ పాత ఊరు ఇప్పుడు మిడ్ మానేరు నీళ్ల కింద ఉంది. అమ్మమ్మ వాళ్ల దొడ్లోని చెట్టు కాయలు కొట్టి, గింజ తీసి, ఉప్పు కలిపి ఉండలు చేసి ఇచ్చేది అమ్మ. ఆ చెట్టు మునిగిన ఏడు వేములవాడ సంతలో కొన్నది పట్టుకుపోయాను. అదీ మంచిదే, కానీ తిన్నవాళ్లు తేడా పట్టేశారు.

ఇక ఎండ సంగతి. అక్కడ నల్లా తిప్పితే మధ్యాహ్నం మరిగిన నీళ్లే. ట్యాంకు మిద్దె మీద ఉంటుంది కదా. మేం ఎండాకాలం గీజరు స్విచ్చి ఆపేసి, నీడన ఉన్న ఆ డబ్బాలో నీళ్లను చల్లనీళ్లుగా వాడుకునేవాళ్లం. జులై, ఆగస్టు నెలల్లో మధ్యాహ్నం 12 నుంచి 4 దాకా ఆరుబయట ఎండలో పని చేయించకూడదని అప్పట్లో బహ్రెయిన్‌లో నిబంధన ఉండేది. 2025 నుంచి దాన్ని జూన్ 15 నుంచి సెప్టెంబరు 15 దాకా, మూడు నెలలకు పెంచారు. మంచి నిబంధన, ఎన్నో ప్రాణాలు కాపాడేది. కానీ మధ్యాహ్నం పని ఆగితే ఆ గంటలు పొద్దుగాల కలుస్తాయి. బస్సు ముందుకు జరుగుతుంది, దానితో పాటు వంటవాడి నిద్ర. రేకుల షెడ్డులో నాలుగు పొయ్యిల నడుమ నిలబడ్డవాడు నీడన ఉన్నట్టే లెక్క. సరిగ్గా ఆ 12 నుంచి 4 నడుమనే మేం రాత్రి కూరలకు పొయ్యి వెలిగించేవాళ్లం.

ఇది ఒక్క బహ్రెయిన్ సంగతే కాదు. గ్రీసు దీవుల్లో ఎండాకాలం హోటళ్లకు కొన్ని నెలల కొలువు మీద పోయే వంటవాళ్ల గతీ ఇంతే అయి ఉంటుంది. 2023 జులై వడగాల్పుల్లో ఏథెన్స్‌లో అక్రోపోలిస్‌ను మధ్యాహ్నం పూట మూసేశారని చదివినప్పుడు, నాకు కొండ దిగి నీడకు చేరిన జనం గుర్తురాలేదు. వాళ్లకు అన్నం పెట్టేందుకు పొయ్యి ముందు నిలబడినవాడే మనసులో మెదిలాడు. ఎండ లెక్క గట్టేటప్పుడు ఆకాశం వైపే చూస్తున్నారు. వంటగదిలో ఒక థర్మామీటరు తగిలించి చూడమని ఏ దేశపు అధికారులకైనా నా మనవి.

మొన్న మా వాడకట్టు పిల్లగాడొకడు వచ్చాడు. క్యాంపు మెస్సులో వంటపనికి వీసా వచ్చిందట, వచ్చే నెలలో ప్రయాణం. అన్నం పరిచే మందం, అరచెయ్యి పెట్టే తీరు నా ముందే కూచోబెట్టి చేయించాను. రెండుసార్లు అంచు మీదే చెయ్యి పెట్టాడు. మూడోసారి నడుమ పెట్టి, "ఇంకా వేడుంది కాకా" అన్నాడు. పోయేముందు గడప దగ్గర ఆగి అడిగాడు: "కాకా, చింతపండు ఎయిర్‌పోర్టుల ఆపుతరా?"

"నన్నెప్పుడూ ఆపలే బిడ్డా. గింజ తీసి, ఉండ చేసి, బట్టల నడుమ పెట్టుకో."