ఆపిల్ పై పూర్ణం - డబ్బా మీది చీటీ

అమెరికాలో నవంబరు నాలుగవ గురువారంనాడు జరిగే కృతజ్ఞతా దినోత్సవానికి చాలా ఇళ్ళలో ఆపిల్ పై ఉండి తీరాలి. ఈ 'పై' తెలుగు విభక్తి కాదు. గోధుమపిండిలో కొవ్వు కలిపి చేసిన పెంకులో పండ్ల పూర్ణం పెట్టి కాల్చిన భక్ష్యం. కజ్జికాయకు కొబ్బరి పూర్ణం ఎలాంటిదో దీనికి ఆపిల్ పూర్ణం అలాంటిది. పండ్లు తరిగి ఉడికించే ఓపిక లేనివారికోసం ఆ పూర్ణం సిద్ధంగా డబ్బాలలో దొరుకుతుంది. కొన్ని డబ్బాల మీద కొవ్వు లేదనీ, గ్లూటెన్ లేదనీ పెద్ద అక్షరాలలో ఉంటుంది. చూసినవారు దీన్ని పథ్యపు వస్తువుగా భావించడంలో ఆశ్చర్యం లేదు.

ఆ మాటలు అబద్ధాలు కావు. కాని ఆపిల్‌లో కొవ్వు ఎన్నడూ లేదు. లేనిదాన్ని లేదని చెప్పడంలో గొప్ప ఏముంది? గ్లూటెన్ సంగతి కొంత మెరుగు. పూర్ణాన్ని చిక్కబరచేది సాధారణంగా మొక్కజొన్న పిండి కాబట్టి, గోధుమ పడని సీలియాక్ రోగులకు ఇది పనికివస్తుంది. అయితే పూర్ణానికున్న ఈ యోగ్యత గోధుమ పెంకుకు లేదు. కొన్ని పెంకులలో పంది కొవ్వు కూడా వాడతారు. అక్కడ స్థిరపడిన తెలుగు శాకాహారులు చీటీ చదవవలసింది పూర్ణం డబ్బా మీద కంటె పెంకు పొట్లం మీద.

అసలు విమర్శ వేరే ఉంది. అమెరికా వ్యవసాయశాఖ పట్టికల ప్రకారం, తొక్కతో ఉన్న 100 గ్రాముల పచ్చి ఆపిల్‌లో సుమారు 52 కాలరీలు, పిండిపదార్థాలు 13.8 గ్రాములు, అందులో చక్కెరలు 10.4, పీచు 2.4. అంతే బరువున్న డబ్బా పూర్ణంలో 100 కాలరీలు, పిండిపదార్థాలు 26 గ్రాములు. అందులో చక్కెరలు 13.7, పీచు 1 గ్రాము. చక్కెర వరుస ఒక్కటే చూస్తే తేడా స్వల్పమే. మొత్తం పిండిపదార్థాలు మాత్రం దాదాపు రెట్టింపు! చక్కెర, పీచు తీసివేయగా పచ్చి పండులో మిగిలేది ఒక్క గ్రాము. పూర్ణంలో 11 గ్రాములకు పైగా. ఇది ఎక్కడిది?

కొంత భాగం చిక్కదనానికి కలిపిన పిండి. మామూలు మొక్కజొన్న పిండిని పుల్లని రసంలో ఎక్కువసేపు ఉడికిస్తే దాని అణువుల గొలుసులు తెగి రసం పలచబడుతుంది. నిలవ ఉంచితే నీరు ఓడుతుంది. అందుచేత గొలుసుల మధ్య అడ్డబంధాలు వేసి, వేడికీ పులుపుకూ తట్టుకునేటట్లు మార్చిన పిండిని వాడతారు. తక్కిన భాగం మొక్కజొన్న పాకం నుంచి రావచ్చు. పిండిని పాకంగా విడగొట్టినప్పుడు కొన్ని గొలుసులు పూర్తిగా విడిపోక పొట్టి ముక్కలుగా మిగులుతాయి. చీటీ లెక్కలో 'చక్కెర' అంటే ఒకటి లేక రెండు శర్కర తునకలున్న అణువు మాత్రమే. మూడు, నాలుగు తునకలున్నది ఆ లెక్కకు రాదు. జీర్ణరసాలకు ఈ తేడాతో నిమిత్తం లేదు. వండిన పిండిని గాని, ఈ పొట్టి గొలుసులను గాని అవి చాలావరకు గ్లూకోజుగానే విడగొడతాయి.

కలిపిన చక్కెరను వేరే వరుసలో చూపాలని 2016లో అమెరికా ప్రభుత్వం నియమం చేసింది. మంచిదే. కాని కలిపిన పిండికి వరుస లేదు. మధుమేహరోగి చక్కెర అంకె చూసి సంతోషిస్తే మోసపోయేది ఇక్కడే. 'చక్కెర కలపలేదు' అని సుక్రలోజు వంటి తీపి మందులతో చేసిన రకాల్లో కూడా పిండి ఉంటుంది. అతను చూడవలసింది మొత్తం పిండిపదార్థాల అంకె, ఆ పైన తాను తినే పరిమాణం. డబ్బా బరువు సుమారు 595 గ్రాములు. రెండు డబ్బాలు ఒక పైలో పోసి ఎనిమిది ముక్కలు కోస్తే, ఒక్కొక్క ముక్కలో పూర్ణం నుంచే 39 గ్రాముల పిండిపదార్థాలు. పెంకు లెక్క వేరు.

పీచు తగ్గడం చిన్న విషయం కాదు. 1977లో హేబర్, హీటన్ మొదలైనవారు పదిమందికి ఆపిళ్ళను పండుగా, గుజ్జుగా, రసంగా ఇచ్చి చూశారు. పండుకంటె గుజ్జు, గుజ్జుకంటె రసం తక్కువ తృప్తినిచ్చాయి. డబ్బాలోది గుజ్జు కాదు, ముక్కలే. కనుక ఆ ఫలితాన్ని ఉన్నదున్నట్లు దీనికి అంటగట్టరాదు. అయినా తొక్క తీసి, మెత్తగా ఉడికి, పాకంలో తేలే ముక్క నమలనిదే దిగిపోతుంది.

ఒక సౌకర్యం ఒప్పుకోవాలి. పచ్చి పండులో 107 మిల్లీగ్రాములున్న పొటాషియం పూర్ణంలో 45కు తగ్గింది. పొటాషియం తగ్గించుకోవలసిన మూత్రపిండ రోగులకు ఇది అనుకూలమే. వారిలో మధుమేహం కూడా ఉన్నవారికి మాత్రం పైన చెప్పిన చిక్కు ఉండనే ఉంది.

డబ్బా లేకుండా చేసుకోవడం పెద్ద శ్రమ కాదు. ఆపిళ్ళను తొక్కతోనే తరిగి, నాలుగు చెంచాల నీళ్ళు, కాస్త నిమ్మరసం, దాల్చినచెక్క పొడి వేసి మూతపెట్టి సన్నని సెగమీద మగ్గనివ్వాలి. తొక్కలోను, కండలోను ఉన్న పెక్టిన్ కరిగి రసం కొంత చిక్కబడుతుంది. డబ్బాలోని దానిలా నిగనిగలాడదు, పళ్ళెంలో కొంచెం జారుతుంది. పండు బాగా తీయనిదైతే చక్కెర వేయకపోయినా లోటుండదు.